గోరంత గుర్రం కోసం గంటసేపు నీళ్ళలో

కందిపప్పు చాటలో పోసుకుని మట్టిబెడ్డలు ఏరేటప్పుడు మీ కన్ను ఎలా పనిచేస్తుందో ఎప్పుడైనా గమనించారా? ప్రతి బద్దనూ విడిగా పట్టి చూడరు మీరు. పక్కింటావిడతో కబుర్లాడుతూనే ఉంటారు, పొయ్యిమీది పాలు ఓ కంట కనిపెడుతూనే ఉంటారు. అయినా అంత పప్పులోనూ పప్పు కానిది ఒక్కటుంటే చాలు, వేలు దానంతటదే అక్కడికి పోతుంది. పప్పు ఎలా ఉంటుందో కంటికి బాగా తెలుసు కనక, పప్పు కానిది దొరికిపోతుంది.

సరిగ్గా ఈ విద్యతోనే సముద్రం అడుగున పొట్టపోసుకుంటున్నవాళ్ళు ఉన్నారంటే మీకు వింతగా ఉండొచ్చు. వాళ్ళు వెతికేది మట్టిబెడ్డల్ని కాదు. వేలిగోరంత సముద్రపు గుర్రాల్ని, బియ్యపుగింజంత రొయ్యల్ని, బఠాణీగింజంత పీతల్ని. కెమెరాలు పట్టుకుని దేశదేశాలనించి వచ్చేవాళ్ళకి వాటిని చూపించడమే వాళ్ళ ఉద్యోగం.

మీలో కొందరి ఇళ్ళలో ఇప్పుడిది పరాయి విషయం కూడా కాదు. సెలవులకి అండమాన్ వెళ్ళిన కొడుకో, బాలి వెళ్ళిన కూతురూ అల్లుడో స్కూబా డైవింగ్ చేశామంటూ ఫోనుకి ఫోటోలు పంపుతున్నారు. తాబేలు, రంగురంగుల చేపలు, అవి సరే, చూడగానే తెలుస్తాయి. మధ్యలో ఓ ఫోటో వస్తుంది. గులాబీరంగు బొడిపెలున్న ఓ కొమ్మ, అంతే. "ఇందులో ఏముందే?" అంటే, "సరిగ్గా చూడమ్మా, గుర్రం!" అంటుంది. మీరు కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చూస్తారు. ఆ గుర్రం సంగతే ఈ వారం.

ముందు స్కూబా అంటే ఏవిటో రెండు ముక్కల్లో చెప్పుకుందాం. వీపుకి గాలి నింపిన సిలిండరు కట్టుకుని, నోటితో ఆ గాలి పీలుస్తూ నీటి అడుగున ఈదడం. సిలిండర్లో ఆక్సిజన్ ఉంటుందని చాలామంది అనుకుంటారు. మామూలుగా ఉండేది మనందరం పీల్చే గాలే, బాగా ఒత్తిపట్టి నింపుతారు. దిగే లోతునిబట్టి, పీల్చేవాళ్ళ నిదానాన్నిబట్టి అది ముప్పావుగంటో, గంటో వస్తుంది.

పూర్వం ఈ సరదా ఉన్నవాళ్ళంతా పగడపు దిబ్బల దగ్గరే దిగేవారు. ఇసకా బురదా ఉన్నచోట చూడ్డానికేం ఉంటుందని పక్కకి తప్పుకునేవారు. పపువా న్యూగినీలో డైవర్లకి పడవ నడిపిన బాబ్ హాల్‌స్టెడ్ అనే ఆయన 1980లలో ఆ బురదలోనే దిగి చూపించి, దానికి 'మక్ డైవింగ్' అని పేరుపెట్టాడంటారు. మక్ అంటే చెత్తాచెదారం, బురద అని అర్థం. పేరు వింటే మనకి ఇల్లు కడగడం గుర్తొస్తుంది గానీ, ఇప్పుడు ఆ చెత్తకోసమే జనం విమానాలెక్కి వెళుతున్నారు. ఇండోనేషియా, ఫిలిప్పీన్స్ రెండుచోట్లా కలిపి ఈ ఒక్క సరదామీద ఏడాదికి 15 కోట్ల డాలర్లకి పైగా డబ్బు మారుతోందనీ, లక్షమందికి పైగా డైవర్లు వస్తున్నారనీ, 2200 మందికి పైగా ఉపాధి దొరుకుతోందనీ 2017లో వచ్చిన ఓ పరిశోధన లెక్కగట్టింది.

ఈ బురదకి పుట్టిల్లు పపువా న్యూగినీ అయినా, రాజధాని మాత్రం ఇండోనేషియాలోని లెంబె జలసంధి. సులవేసి అనే పెద్ద ద్వీపానికి ఈశాన్యమూల బితుంగ్ అని చేపల పరిశ్రమలున్న రేవు పట్నం ఉంది. దానికెదురుగా లెంబె దీవి. రెంటిమధ్యా సన్నటి కాలవలాంటి సముద్రం. అడుగున చాలాచోట్ల నల్లటి ఇసక, అగ్నిపర్వతాల పుణ్యమా అని ఏర్పడ్డది. దాంట్లో అక్కడక్కడా ఊరినించి కొట్టుకొచ్చిన సీసాలు, డబ్బాలు, తెగిన తాళ్ళు, కొబ్బరిచిప్పలు. మొదటిసారి దిగినవాళ్ళు ఉసూరుమంటారు.

కానీ ఆలోచించండి. పగడపు దిబ్బలో వెయ్యి సందులుంటాయి, ఏ ప్రాణికైనా దాక్కోవడం సులువు. బయలుగా ఉన్న ఇసకలో దాక్కోవడానికి చోటేదీ? అలాంటిచోట బతకాలంటే ఇసకలో కూరుకుపోవాలి, లేదా ఒంట్లో విషం ఉండాలి, లేదా మరోదానిలా వేషం కట్టాలి, అదీ కాకపోతే ఇల్లు వెంటబెట్టుకు తిరగాలి. అందుకే వింతలన్నీ అక్కడ పోగయ్యాయి. ఇల్లు వెంటబెట్టుకునే దానికి మంచి ఉదాహరణ ఓ ఆక్టోపస్. మనుషులు కొబ్బరి తీసుకుని పారేసిన చిప్పలు సముద్రంలో పడతాయి కదా, ఈ ఎనిమిది కాళ్ళావిడ రెండు చిప్పలు ఏరుకుని, ఒకదాంట్లో ఒకటి దొంతర పెట్టి, కాళ్ళమధ్య ఇరికించుకుని నడుస్తుంది. ప్రమాదం వస్తే లోపల కూర్చుని రెండో చిప్ప మూత వేసుకుంటుంది! శాస్త్రజ్ఞులు ఏళ్ళతరబడి సులవేసి, బాలి తీరాల్లో చూసి 2009లో ఈ సంగతి ప్రకటించారు. వెన్నెముక లేని ప్రాణి ఓ వస్తువుని ముందుచూపుతో దాచుకోవడం గొప్ప విశేషమని అప్పట్లో పత్రికలన్నీ రాశాయి. గిన్నెలు దొంతర పెట్టుకునే మనకి అంత ఆశ్చర్యం కలగకపోవచ్చు గానీ, ఆక్టోపస్‌కి ఎవరు నేర్పారు చెప్పండి!

సరే, గుర్రం దగ్గరికి వద్దాం. పిగ్మీ సీహార్స్ అంటారు, మరుగుజ్జు సముద్రపు గుర్రం అనుకోండి. గుర్రం అన్నమాటేగానీ అదీ చేపే. నిలువునా రెండు సెంటీమీటర్లు, మీ చిటికెనవేలి గోరుమీద తోక ముడుచుకుని కూచుంటుంది. ఇది 'సీ ఫ్యాన్'ల మీద బతుకుతుంది. ఇంటర్లో జువాలజీ చదివినవాళ్ళకి గార్గోనియా, సముద్రపు విసనకర్ర అని చదివిన గుర్తుండాలి. చూడ్డానికి కొమ్మలు పరుచుకున్న మొక్కలా ఉంటుంది గానీ మొక్క కాదు, వేలకొద్దీ చిన్నచిన్న ప్రాణుల ఉమ్మడి కాపురం. ఆ ప్రాణులు ముడుచుకున్నప్పుడు కొమ్మంతా బొడిపెలుగా ఉంటుంది. మన గుర్రం ఒంటినిండా సరిగ్గా అవే బొడిపెలు. కొమ్మ ఊదారంగైతే గుర్రమూ ఊదారంగు, బొడిపెలు గులాబీ. కొమ్మ పసుపైతే గుర్రం పసుపు, బొడిపెలు నారింజ.

ఎంత బాగా దాక్కుందంటే, 1969 దాకా లోకానికి అది ఉందనే తెలియదు. పసిఫిక్ సముద్రంలో న్యూకాలిడోనియా అనే దీవి ఉంది. అక్కడి నౌమియా అక్వేరియంకోసం జార్జ్ బార్జిబాఁ అనే ఆయన ఓ సీ ఫ్యాన్ సేకరించి, బల్లమీద పెట్టి పరిశీలిస్తుంటే దాని కొమ్మమీద ఓ జత గుర్రాలు కనబడ్డాయి. నీళ్ళలో ఉన్నంతసేపూ ఆయన కంటపడలేదు! మరుసటేడు 1970లో దానికి ఆయన పేరే పెట్టారు. ఇప్పటికీ దాన్ని చూడాలంటే ముందు చూడాల్సింది గుర్రాన్ని కాదు, ఆ రకం విసనకర్రని. అక్కడి గైడ్లు చేసేదదే. ఏ లోతులో ఏ రాతిపక్కన ఏ విసనకర్ర ఉందో వాళ్ళకి మన వంటింటి డబ్బాల వరసంత బాగా తెలుసు. దాని ముందు నిలబడి బొడిపె కాని బొడిపెకోసం చూస్తారు. ఒక్క చుక్క కన్ను కదిలితే చాలు, పట్టేస్తారు.

ఇదే వరసలో మరో రెండు గుర్రాలకి ఆడవాళ్ళ పేర్లున్నాయి. డెనిస్ టాకెట్ అనే నీటి అడుగు ఫోటోగ్రాఫరు, ఇది బార్జిబాఁ గుర్రం కాదు, వేరే రకం అని శాస్త్రజ్ఞుల దృష్టికి తెచ్చింది. 2003లో దానికి ఆవిడ పేరు పెట్టారు. 2008లో అంతకన్నా చిన్నది దొరికింది, 14 మిల్లీమీటర్లు కూడా లేదు. సతోమి ఒనిషి అనే డైవ్ గైడ్ దాని నమూనాలు సేకరించింది కనక ఆవిడ పేరు దానికి వచ్చింది. ఫోటో తీసేవాళ్ళు, దారి చూపించేవాళ్ళు కనిపెట్టి ఇస్తేనే శాస్త్రం ముందుకి పోయిందన్నమాట.

వీటి సంసారం ఇంకా విచిత్రం. సముద్రపు గుర్రాల్లో గర్భం మోసేది మగవాడు. ఆడది గుడ్లు తెచ్చి ఆయన సంచిలో పెట్టేసి తన దారిన తను పోతుంది. ఈ మరుగుజ్జు రకంలో సుమారు రెండువారాలు మోసి, కొసకి అల్లాడి అల్లాడి కొన్ని మిల్లీమీటర్ల పిల్లల్ని డజన్లకొద్దీ నీట్లోకి వదులుతాడు. ఆ తరవాత బాలింతరాలి పథ్యమేమీ లేదు, మళ్ళీ కొత్త కాన్పుకి సిద్ధం. సముద్రపు గుర్రాల్ని నీటి అడుగునే గమనించి చదివిన తొలి శాస్త్రవేత్త అమండా విన్సెంట్ అనే ఆవిడ. వాటి రక్షణకోసం 1996లో 'ప్రాజెక్ట్ సీహార్స్' మొదలుపెట్టినవారిలో ఆవిడ ఒకరు. కొన్ని రకాల్లో భార్యాభర్తలు రోజూ పొద్దున్నే ఒకచోట కలిసి, రంగు మార్చుకుని, తోకలు పెనవేసుకుని కాసేపు తిరుగుతారట. అయ్యాక ఎవరి పని వారిదే. మన ఇళ్ళలో పొద్దున్నే కాఫీగ్లాసు చేతికివ్వడం లాంటిదేమో!

పిల్లలకి రంగు తల్లిదండ్రులనించి వస్తుందా, ఇంటినించి వస్తుందా అన్నది చాలాకాలం తేలలేదు. అమెరికాలోని కాలిఫోర్నియా అకాడమీ ఆఫ్ సైన్సెస్‌వాళ్ళు నారింజరంగు జంటని తెచ్చి పెంచారు. వాటికి పుట్టిన పిల్లలకి ఊదారంగు విసనకర్ర ఇచ్చి చూస్తే అవి ఊదారంగులోకి మారిపోయాయి. 2014లో ఈ వార్త వచ్చింది. ఒకసారి కొమ్మ దొరికి రంగు అబ్బాక ఆ గుర్రం పెద్దయ్యీ సాధారణంగా ఆ విసనకర్ర వదలదు. అదే ఇల్లు, అదే వంటిల్లు, అదే పురిటిగది. ఈ మాట గుర్తుంచుకోండి, కాసేపట్లో దీనితో పని ఉంది.

ఇక ఫోటో. చిన్నవాటిని పెద్దగా చూపించే మాక్రో లెన్సు, నీరు చొరని పెట్టె, ఫ్లాష్ లైటు కావాలి. కొత్తవాళ్ళు జేబులో పట్టే నీటికెమెరాతో మొదలుపెట్టినా తప్పులేదు. వాటిలో కొన్ని లెన్సుకి ఒక సెంటీమీటరు దూరంలో ఉన్నదాన్ని కూడా తీస్తాయి. ఫ్లాష్ ఎందుకంటే, నీరు ముందుగా ఎరుపుని మింగేస్తుంది. మీ ఎర్ర కంచిపట్టుచీర కట్టుకుని పది మీటర్ల లోతుకి వెళ్ళారనుకోండి, అది మసిగుడ్డలా కనబడుతుంది. వెలుగు మన వెంట తీసుకుపోతే గులాబీ గులాబీగా ఉంటుంది. అయితే ఆ వెలుగు ఎదురుగా కొడితే నీళ్ళలో తేలే నలుసులన్నీ మెరిసి, ఫోటో రవ్వ చల్లినట్టు వస్తుంది. పక్కనించి వెయ్యాలి.

అసలు కష్టం నిలకడ. సూదిలో దారం ఎక్కించడం మీకు చేతనవును. కదిలే బస్సులో ఎక్కించండి చూద్దాం! సూదీ కదులుతోంది, మీరూ కదులుతున్నారు. నీటి అడుగున అంతే. పైగా ఇంత దగ్గరనించి తీస్తే కన్ను స్పష్టంగా ఉంటే మూతి అలుక్కుపోతుంది. ఆ మూతి పొడవెంతని, ఆవగింజంత! ఊపిరి బిగబడితే నిలకడ వస్తుందని అనిపిస్తుంది, స్కూబాలో ఊపిరి ఎన్నడూ బిగబట్టకూడదు. బిగబట్టి కొంచెం పైకి తేలినా లోపలి గాలి వ్యాకోచించి ఊపిరితిత్తులు దెబ్బతింటాయి. నెమ్మదిగా పీలుస్తూ వదులుతూనే, కాళ్ళ రెక్కలతో బురద రేపకుండా, దేన్నీ పట్టుకోకుండా నీళ్ళలో అలా ఉండిపోవాలి. దానికి ఏళ్ళ సాధన కావాలి. ఈ గుర్రం సాధారణంగా 16 మీటర్లకి దిగువనే ఉంటుంది. ముప్పై మీటర్ల లోతులో మీకు దొరికే సమయం పావుగంటా, ఇరవై నిమిషాలు. ఆ తరవాత పైకి రావలసిందే.

ఇంత దూరం డబ్బుపోసి వచ్చి, ఇరవై నిమిషాలే చేతిలో ఉండి, గుర్రం వీపు తిప్పుకుని కూచుంటే మనిషికి ఏమనిపిస్తుంది? అది తిరుగుతుంది కూడా, వెలుగు పడగానే మొహం చాటేస్తుంది. ఇక్కడే వస్తుంది చిక్కు. కొందరు ఇనుపపుల్లతో దాన్ని ఇటు తిప్పుతారు. కొమ్మ వంచుతారు. ఇంకొందరు గైడుని తిప్పమంటారు, మంచి ఫోటో వస్తే బక్షీసు బాగా వస్తుందని గైడు కాదనలేకపోతాడు. ఓ కుర్ర చేపని పట్టి రంగు బాగుండే చోట కూచోబెట్టడం, ఆక్టోపస్‌ని చిప్పలోంచి వెళ్ళగొట్టడం కూడా ఉన్నాయి. ఒకరి తరవాత ఒకరు, రోజుకి ఎన్ని పడవలు, ఒక్క విసనకర్ర! పట్టు జారి ప్రవాహంలో పడితే గోరంత గుర్రం ఈదుకుంటూ మళ్ళీ ఆ ఇల్లు చేరగలదా? గుర్రం ఉన్నా, కొమ్మ విరిగితే అది మళ్ళీ ఎదగడానికి ఏళ్ళు పడుతుంది.

ఫ్లాష్ వెలుగుకి వాటి కళ్ళు పోతాయని చాలాకాలం వాదన ఉండేది. మార్టెన్ డి బ్రౌవర్ అనే శాస్త్రజ్ఞుడూ ఆయన తోటివారూ సముద్రపు గుర్రాలమీదా, ఇసకలో ఉండే మరికొన్ని చేపలమీదా పరీక్షలు చేసి 2019లో ఫలితాలు ప్రకటించారు. ఫ్లాష్ వల్ల కంటికి హాని కనబడలేదు. ఫ్లాష్ వేసినా, మనిషి ఊరికే దగ్గర ఉన్నా పెద్ద తేడా లేదు. వాటిని బాగా కలవరపెట్టింది తాకడం, కదపడం. అంటే నింద వెలుగుమీద వేశారు, పాపం చేతిది. నా మటుకు ఇది చదివాక ఆశ్చర్యం కలగలేదు. పసిబిడ్డని చూడ్డానికి వచ్చి, నిద్రపోతుంటే బుగ్గ గిల్లి లేపేవాళ్ళని మనం ఎంతమందిని చూడలేదూ! వాళ్ళకి బిడ్డమీద కోపం ఉండదు, 'నాకేసి చూడలేదే' అన్న బాధ అంతే. ఇప్పుడు కొన్నిచోట్ల గైడ్లే ఒక్కొక్కరికి ఇన్ని ఫోటోలని లెక్కపెట్టి పంపించేస్తున్నారు. మీ అమ్మాయి ఈసారి వెళుతుంటే ఒక్క మాట ముందే చెప్పి పంపండి: గైడుతో పడవలోనే, "దేన్నీ కదపొద్దు, వీపే కనబడితే వీపే తీసుకుంటాను" అనమనండి. బక్షీసు మాత్రం తగ్గించొద్దనండి. ఇంకో చిట్కా, చిన్న భూతద్దం పట్టుకుపోతే కెమెరా తీసేముందు కంటితో తనివితీరా చూడొచ్చు. చత్వారం వచ్చినవారికైతే కళ్ళజోడు పవరున్న మాస్కులూ దొరుకుతాయి.

గుర్రం ఒక్కటే కాదు సుమండీ. బాలిలో తులంబెన్ అనేచోట అర సెంటీమీటరు, ఒక సెంటీమీటరు ఉండే పెంకు లేని నత్త ఒకటి కనబడుతుంది. 1993లో జపాన్‌లోని కురోషిమా దీవి పేరుతో దానికి శాస్త్రీయ నామం పెట్టారు. మొహం అచ్చం గొర్రెపిల్ల, ఒంటినిండా ఆకులు. నాచు తిని అందులోని పత్రహరితం ఉన్న భాగాల్ని అరిగించుకోకుండా ఒంట్లో దాచుకుంటుంది, అవి ఎండ తగిలితే కొన్నాళ్ళు పనిచేస్తాయి. మనం జన్మంతా గోంగూర తిన్నా పచ్చబడం కదా! మరో పీత ఉంది, రెండు చేతుల్లో రెండు కుట్టే సముద్రపు పూలు పట్టుకు తిరుగుతుంది, బాక్సింగ్ చేసేవాడిలా. ఒకటి పోగొట్టుకుంటే రెండోదాన్ని చీల్చి రెండు చేస్తుంది, అవి మళ్ళీ పూర్తి పూలుగా ఎదుగుతాయి. పచ్చిమిర్చికి, కరివేపాకుకి అలాంటి వరం ఉంటే ఎంత బాగుండును.

చెత్త ఏరే పుణ్యకార్యానికి దిగే డైవర్లు కూడా సీసా తీసేముందు లోపల ఎవరున్నారో చూస్తారు. చిన్న ఆక్టోపస్సో, చేపపిల్లో, గుడ్లో ఉంటే సీసా అక్కడే వదిలేస్తారు.

మనం వెళ్ళగలమా అంటారేమో. మనకి దగ్గర అండమాన్, హావ్‌లాక్ దీవి. 2018 నించి దాని పేరు స్వరాజ్ ద్వీప్. ఈత రాకపోయినా పక్కన శిక్షకుణ్ణి పెట్టి తక్కువ లోతులో ఒకసారి దింపి చూపిస్తారు. అసలు కోర్సు నేర్చుకోవాలంటే 200 మీటర్లు ఈదగలగాలి, పదినిమిషాలు తేలగలగాలి. పదేళ్ళు నిండినవారెవరైనా నేర్చుకోవచ్చు. ఏం కట్టుకోవాలో అన్న బెంగ వద్దు, మెడనించి చీలమండల దాకా కప్పే వెట్ సూట్ వాళ్ళే ఇస్తారు. ఉబ్బసం, గుండెజబ్బు, రక్తపోటు, చెవి ఆపరేషన్ ఉంటే డాక్టరు సరే అంటేనే దిగాలి. గర్భిణులు అసలు దిగకూడదు. జలుబు చేసినప్పుడు వద్దు, చెవులు సలుపుతాయి. వరసగా డైవులు చేశాక 18 గంటలు గడవనిదే విమానం ఎక్కరాదు, టిక్కెట్లు అందుకు తగ్గట్టు కొనుక్కోండి.

నీళ్ళలో దిగకుండానే చూడాలంటే విశాఖ తీరం ఉంది. మన తీరంలో నీళ్ళు అండమాన్ అంత తేటగా ఉండవు, అయినా సముద్రం ఆటులో వెనక్కి తగ్గినప్పుడు రాళ్ళమధ్య గుంటల్లో నీరు నిలుస్తుంది. పెంకు లేని నత్తలు, పీతలు, సముద్రపు పూలు ఆ గుంటల్లోనే కనబడతాయి. అమావాస్యకీ పున్నమికీ అటూ ఇటూ రోజుల్లో నీరు బాగా లోపలికి పోతుంది. ఆటు వేళలు ముందే కనుక్కుని, నీరు తగ్గుతుండగా పిల్లల్ని తీసుకెళ్ళండి. జారని చెప్పులు, టోపీ, ఓ భూతద్దం చాలు. గుంట పక్కన కూచుని ఐదు నిమిషాలు కదలకుండా చూడమనండి, మొదట ఏమీ ఉండదు, తరవాత ఒకటొకటే కదులుతాయి. ఏ రాయైనా ఎత్తితే మళ్ళీ అదే వైపు కిందికి వచ్చేలా మెల్లిగా పెట్టించండి, దాని అడుగున గుడ్లుండొచ్చు. పోటు మొదలయ్యేలోపు వెనక్కి వచ్చెయ్యండి.